టెంటులో లెట్యూస్ వేళ్లు కుళ్లిపోతున్నాయి, భీమవరం ఎండల్లో నీళ్లసాగు (మట్టి లేకుండా నీళ్లలోనే పెంచడం) చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గట్టుమీద_గువ్వ
ఏప్రిల్ 19, రాత్రి 11:20

అందరికీ నమస్కారమండి. ఇక్కడ కొత్తవాణ్ణి, ఏమైనా తప్పు రాస్తే ఏమనుకోకండి. మాది భీమవరం, రెండో అంతస్తులో అద్దెకుంటాం, నాది ఇంటి నుంచే ఉద్యోగం. ఓనరు మేడ మీద కుండీలు పెట్టనివ్వరు, బాల్కనీలో మధ్యాహ్నం నిప్పులు చెరుగుతుంది, అందుకని జనవరిలో ఇండోర్ టెంటు ఒకటి కొన్నాను. 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తు, లోపలంతా అద్దంలా మెరిసే గుడ్డ. 100 వాట్ల ఎల్‌ఈడీ బోర్డు, 4 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను, 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు మూడు, మూతలకి కన్నాలు పెట్టి నెట్ పాట్లు (జల్లెడ కుండీలు) దింపాను, అడుగున గాలి పంపుకి తగిలించి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్. రెండు డబ్బాల్లో లెట్యూస్ అనే సలాడ్ ఆకు, ఒకదాంట్లో కొత్తిమీర.

ఫిబ్రవరిలో వేసిన మొదటి పంట చూసి నాకే దిష్టి తగులుతుందేమో అనుకున్నాను. 38 రోజులకి కోశాను, ఆకు కరకరలాడింది. రెండో పంట మార్చి చివర్లో పెట్టాను. ఇప్పుడు మూడు వారాలు. ఆకు పాలిపోయి పసుపుకి తిరిగింది, అంచులు కాగితం కాలినట్టు మాడుతున్నాయి, మూత ఎత్తి చూస్తే వేళ్లు టీ రంగులో జిగురుగా, పట్టుకుంటే పైతోలు ఊడి చేతికొస్తోంది. మురుక్కాలువ వాసన. అవే పోషకాల మందు ప్యాకెట్లు, నీళ్లలో ఎంత కరిగిందో చూపించే అదే మీటరు, ఎప్పట్లాగే అది 900 చూపించేదాకా కలుపుతున్నాను, పీహెచ్ (పులుపు కొలత) 6 పెడుతున్నాను. నేనేమీ మార్చలేదు, అదే నాకు పిచ్చెక్కిస్తోంది.


పాలకొల్లు_ప్రవాసి
ఏప్రిల్ 20, ఉదయం 7:05

తమ్ముడూ, నేను హైదరాబాద్‌లో ఉంటున్నా, నాలుగేళ్లుగా ఇదే పని. నువ్వేమీ మార్చలేదు సరే, నీళ్లు మారాయేమో చూశావా? ఊహాగానాలకి ముందు ఇవి చెప్పు. మందు కలపకముందు ఉత్త కొళాయి నీళ్లలో మీటరు ఎంత చూపిస్తోంది. డబ్బాలో నీటి వేడి ఎంత, గాలి వేడి కాదు, నీటిది. లైట్లు ఏ టైమ్‌కి వేసి ఏ టైమ్‌కి ఆపుతున్నావు. గాలి పంపు టెంటు లోపలుందా బయటుందా. పీహెచ్ 6 పెడితే మర్నాడు పొద్దున్నకి ఎంతకి వస్తోంది.

ఇంకోటి, మీ మీటరు 500 స్కేలా 700 స్కేలా? ఈసీ (నీళ్లలోంచి కరెంటు ఎంత పారుతుందో చెప్పే కొలత) 1 ఉన్న నీళ్లని కొన్ని మీటర్లు 500 అంటాయి, కొన్ని 700 అంటాయి. మీటరు పెట్టె వెనక చూడు.


ఆక్వా_బావ
ఏప్రిల్ 20, ఉదయం 8:40

నాకు లెట్యూస్ అంటే ఏంటో తెలీదు గానీ నీళ్ల వాసన అన్నావు చూడు, అక్కడ ఆగిపోయాను. మాది ఉండి దగ్గర, రొయ్యల చెరువులు. నీళ్లలో గాలి చచ్చిపోతే వచ్చే వాసన అది. మాకు డీఓ అంటారు, నీళ్లలో కరిగిన ఆక్సిజన్. తెల్లారుజామున అది పడిపోతే రొయ్య పైకి తేలి గట్టు చుట్టూ తిరుగుతుంది, అప్పుడు ఏరియేటర్ ఆన్ చేయకపోతే తెల్లారేసరికి పంట పోయినట్టే. నీ వేరు పైకి తేలలేదు కాబట్టి నీకు తెలీలేదు, అంతే తేడా.

నీళ్లు ఎంత వేడెక్కితే గాలి అంత తక్కువ పట్టుకుంటాయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల చిల్లర నిలుస్తుంది, 30కి వెళ్తే ఏడున్నర, అదీ పూర్తిగా గాలి ఎక్కితే. పైగా వేడిలో వేరు ఇంకా ఎక్కువ గాలి అడుగుతుంది. సాయంత్రం భీమవరం వస్తున్నా, డీఓ కిట్టు తెచ్చి చూపించనా? బుడ్డిలో నీళ్లు పట్టి చుక్కలు వేస్తే రంగు చెప్పేస్తుంది.


గట్టుమీద_గువ్వ
ఏప్రిల్ 20, ఉదయం 9:02

రండి బావగారూ, మీకు కాఫీ నా వంతు. అడ్రస్ మెసేజ్ పెట్టాను.


కొత్తగా_చేరా77
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:15

బ్రో ఇంత సెటప్ పెట్టుకుని ఆకుకూరా 😂 అదే టెంట్‌లో గంజాయి ఒక మొక్క పెట్టుకుంటే? ఒక్క మొక్కే, సొంతానికే. బయట దేశాల్లో అందరూ ఈ టెంట్లు కొనేది దానికే కదా.


నిర్వాహకుడు
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 1:50

దీనికి ఇక్కడ ఒక్కసారే జవాబిస్తాను. మన దేశంలో ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల) చట్టం, 1985 సెక్షన్ 8 ప్రకారం గంజాయి మొక్క పెంచడమే నిషేధం. సెక్షన్ 20 కింద సాగుకి పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. దగ్గర దొరికిన సరుకు విషయంలో చిన్న మొత్తం, పెద్ద మొత్తం అనే లెక్కలున్నాయి గానీ సాగుకి అలాంటి చిన్న లెక్క లేదు, ఒక్క మొక్కా సాగే. ఉత్తరాఖండ్‌లో నార కోసం హెంప్ (గంజాయి జాతి మొక్కే) సాగుకి లైసెన్సులు ఇచ్చారని ఎవరో ఒకరు అంటారు, నిజమే, అది ప్రభుత్వం అనుమతిచ్చిన రైతుకి, అనుమతిచ్చిన పొలంలో. మన పడగ్గదిలోకి అది రాదు. ఇక్కడ ఆ పంట గురించి సలహాలు అడగడం, చెప్పడం కుదరదు. మళ్లీ రాస్తే ఖాతా తీసేస్తాం.


గట్టుమీద_గువ్వ
ఏప్రిల్ 20, మధ్యాహ్నం 2:10

నిర్వాహకుడు గారూ థాంక్సండి. నిజం చెప్పాలంటే మా నాన్నకీ మొదట్లో ఇదే అనుమానం. పార్సిల్ వచ్చినరోజు పెట్టె మీద బొమ్మ చూసి "ఏంట్రా ఇది, ఫోటో స్టూడియోనా" అన్నారు, రాత్రి జిప్పు సందుల్లోంచి ఊదారంగు వెలుగు వస్తుంటే పక్కింటి ఆంటీ వచ్చి మా అమ్మని నెమ్మదిగా ఆరా తీసింది. అప్పట్నుంచి ఎవరొచ్చినా ముందు జిప్పు తీసి కొత్తిమీర చూపిస్తున్నాను. ఆ ఊదా బల్బు తీసేసి తెల్ల బోర్డు పెట్టడానికి సగం కారణం అదే.


ఓల్టేజీ_వరం
ఏప్రిల్ 20, సాయంత్రం 4:30

ఆ ఊదారంగు బల్బులు తీసేసి మంచి పని చేశారు, ఆ వెలుగులో ఆకు పసుపుపచ్చగా ఉందో పచ్చగా ఉందో మన కళ్లకి తెలిసి చావదు. కాకినాడలో ఎలక్ట్రికల్ పని చేస్తాను. లైటు గురించి ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నాను, లైటుకి కరెంటు అందించే డ్రైవరు పెట్టె టెంటు లోపలే వేలాడుతోందా? అది కాలేది గదిలో కాలాలి, టెంటులో కాదు. వైరు పొడిగించి బయట పెట్టండి, లోపల వేడి కొంత అక్కడే తగ్గుతుంది.

ఇంకోటి, నీళ్ల పక్కన కరెంటు. ప్లగ్గు బోర్డు నేల మీద పెట్టకండి. ప్రతి వైరూ ప్లగ్గులోకి వెళ్లేముందు ఒకసారి కిందకి వంగి పైకి రావాలి, అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపులో కింద పడుతుంది, ప్లగ్గులోకి పోదు. గాలి పంపు నీటి మట్టం కన్నా ఎత్తులో ఉండాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు గొట్టంలోంచి నీళ్లు వెనక్కి పంపులోకే వస్తాయి. మా తమ్ముడింట్లో ఇలాగే జరిగి రాత్రంతా డబ్బా ఖాళీ అయింది, పొద్దున్న చాప, దాని మీద పడుకున్న వాడూ ఇద్దరూ తడిసి ఉన్నారు.


గట్టుమీద_గువ్వ
ఏప్రిల్ 20, రాత్రి 10:55

ఆక్వా బావగారు వచ్చి వెళ్లారు. కొలతలివి.

ఉత్త కొళాయి నీళ్లు: 780. మళ్లీ కడిగి మళ్లీ పెట్టాను, 780. ఫిబ్రవరిలో నోట్‌బుక్‌లో రాసుకున్నది 210. మీటరు 500 స్కేలే. డబ్బాలో నీళ్లు 31 డిగ్రీలు. డీఓ మూడున్నర. బావగారు ఆ రంగు చూసి "నీ డబ్బాలో రొయ్యేస్తే పొద్దున్నకి వేపుడే" అన్నారు. పీహెచ్ రాత్రి 6 పెడితే పొద్దున్నకి 7.4.

ఎయిర్ స్టోన్ తీసి చూస్తే తెల్లగా సున్నం పట్టేసి సగం బుడగలే వస్తున్నాయి. లైట్లు పొద్దున్న 6 నుంచి రాత్రి 8 దాకా. పంపు లోపలే ఉంది, అంటే వేడి గాలే పీల్చి మళ్లీ నీళ్లలోకి కొడుతోంది.

780 ఏంటో అర్థం కాక కిందకి వెళ్లి ఓనరుగారిని అడిగాను. కాలువలకి నీళ్లు ఆపేశాక మున్సిపల్ నీళ్లు చాలట్లేదని ఏప్రిల్ మొదటి వారం నుంచి ట్యాంకుకి బోరు నీళ్లు ఎక్కిస్తున్నారట. "తాగడానికి టిన్ను తెచ్చుకుంటారు కదా, ఇంకేంటి" అన్నారు.


పాలకొల్లు_ప్రవాసి
ఏప్రిల్ 20, రాత్రి 11:30

దొరికింది.

లెక్క చూడు. ఫిబ్రవరిలో 210 నీళ్లకి 900 దాకా మందు కలిపావు, అంటే మొక్కకి 690 తిండి పెట్టావు. ఇప్పుడు 780 నీళ్లకి 900 దాకా కలిపితే 120 తిండి. మిగతాదంతా బోరులో వచ్చిన ఉప్పూ బైకార్బొనేటూ. మీటరుకి ఏది తిండో ఏది ఉప్పో తెలీదు, నీళ్లలో కరిగినదేదైనా దానికి ఒకటే. రెండు వారాలుగా నీ లెట్యూస్ పస్తులుంది, పైగా ఉప్పునీళ్లు తాగుతూ. ఆకు పాలిపోవడానికి అది కారణం, వేళ్లు కుళ్లడానికి వేడీ గాలిలేమీ. రెండూ ఒకేసారి వచ్చాయి కాబట్టి ఒకే రోగం అనిపించింది.

అలాగని 780 మీద ఇంకో 690 కలిపి 1470 చేస్తే సరిపోతుందా అంటే సరిపోదు. లెట్యూస్ అంత చిక్కటి నీళ్లు తట్టుకోదు, మొరాయిస్తుంది. నీళ్లే మార్చాలి. ఆర్‌ఓ టిన్ను నీళ్లు 50 ఉంటాయనుకో, మూడు వంతులు అవి, ఒక వంతు కొళాయివి కలిపితే 230 దగ్గరికొస్తుంది. అంటే నీ ఫిబ్రవరి నీళ్లే.

పీహెచ్ రాత్రికి రాత్రి పైకెక్కడం కూడా ఆ బైకార్బొనేట్ పనే. యాసిడ్ వేస్తే కాసేపు తగ్గినట్టు నటించి మళ్లీ లేస్తుంది. 7 దాటితే ఇనుము మొక్కకి అందదు, ప్యాకెట్లలో వచ్చే మామూలు ఈడీటీఏ ఇనుము (కరిగే రూపంలో పట్టి ఉంచినది) ఆరున్నర దాకానే నమ్మకం. కొత్త ఆకులు ఈనెలు పచ్చగా, మధ్య పసుపుగా ఉంటే అదే.


గోదారి_గాలి
ఏప్రిల్ 21, ఉదయం 6:20

పీహెచ్ తగ్గించడానికి బ్యాటరీ యాసిడ్ రెండు చుక్కలు చాలు, మా వాడు అదే వేస్తాడు.


పాలకొల్లు_ప్రవాసి
ఏప్రిల్ 21, ఉదయం 6:45

వద్దు బాబూ. అది సల్ఫ్యూరిక్, చేతి మీద పడితే తోలు పోతుంది, పాత బ్యాటరీది అయితే సీసం కూడా ఉంటుంది, ఆ ఆకు మనం తినాలి. ఫాస్ఫారిక్ యాసిడ్ నీళ్లలో పలుచన చేసి అమ్మేది కొనుక్కో, గ్లౌజులు వేసుకో, యాసిడ్‌ని నీళ్లలో పోయాలి గానీ నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు. వెనిగరూ నిమ్మరసమూ ఒక్కరోజు పని చేస్తాయి, మర్నాటికి సూక్ష్మజీవులు వాటిని తినేసి జిగురు పెంచుతాయి.


కోనసీమ_కోడలు
ఏప్రిల్ 21, ఉదయం 10:10

ఆయ్, మాది అంబాజీపేటండి. మేడ మీద చేస్తాను, టెంటు లేదు, షేడ్ నెట్టే. మీరు విత్తనం దేంట్లో మొలిపిస్తున్నారు? కోకోపీట్ (కొబ్బరి పొట్టు) అయితే అది కూడా చూసుకోండి, ఎవరూ అడగట్లేదు.

మా ఊళ్లో ఇంటికో పీచు కుప్ప ఉంటుంది కాబట్టి నాకు తెలిసిన సంగతి చెప్తాను. కొబ్బరి పొట్టులో సహజంగానే సోడియం, పొటాషియం ఎక్కువ. కొబ్బరి డొక్క ఉప్పునీళ్లలో నానితే ఇంకా ఎక్కువ. అది ఉత్త నీళ్లతో కడిగితే పూర్తిగా పోదు, పొట్టుకి అంటుకుని ఉంటుంది. కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రంతా నానబెడితే కాల్షియం వెళ్లి ఆ చోట కూర్చుని సోడియంని బయటికి నెడుతుంది. పొద్దున్న పిండి, రెండుసార్లు మంచినీళ్లతో కడిగి, కారిన నీళ్లలో మీటరు పెట్టండి. మొదటిసారి నా కోకోపీట్ ఇటుక నుంచి కారిన నీళ్లు చూసి మా అత్తగారు "ఏంటమ్మా డికాక్షన్ కాస్తున్నావా" అన్నారు, మీటరు వెయ్యి దాటింది. ఇలా చెయ్యకపోతే పొట్టు మీరు పోసిన కాల్షియంని తనే మింగేసి మొక్కకి సోడియం ఇస్తుంది, అప్పుడు అంచు మాడదా మరి.

5 కిలోల ఇటుక నానితే 60 లీటర్ల పైనే అవుతుంది, టెంటుకి ఒక మూల ముక్క చాలు, మొత్తం నానబెట్టకండి. నేను నానబెట్టాను. బాత్రూములో రెండు రోజులు ఎవరికీ స్నానం లేదు.


పాతకాపు
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 12:40

తణుకు దగ్గర మాది, వయసు 71. చదువుతుంటే నవ్వూ వస్తోంది, బాధా వేస్తోంది. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి 1852 నుంచి గోదారి నీళ్లు ఇంటింటి పక్కన పారించాడు. చిటికెడు ధనియాలు నలిపి పెరట్లో చల్లితే మోకాలెత్తు లేచేది. అలాంటి చోట గదిలో గుడారం వేసి, లైటు వేసి, టిన్ను నీళ్లు కొని, కొత్తిమీర పెంచుతున్నారు. వరి చేల మధ్య చెరువులు తవ్వి ఉప్పునీళ్లు నింపితే ఊట ఎటు పోతుంది, పక్క బోరులోకే. ఆ 780 అంకె ఎక్కడిదో ఎవరైనా చెప్పండి.


ఆక్వా_బావ
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:25

పెదనాన్నగారూ, మీ మాట కాదనను. కానీ బోరు ఉప్పెక్కిందంటే అందరూ మావైపే వేలు చూపిస్తారు. అవతల సముద్రం ఉంది, పాతిక ఇళ్లకి ఒక బోరు ఉన్నచోట ఇప్పుడు ఇంటికో బోరు ఉంది. మా నాన్న ఇదే పొలంలో వరి వేసి మునిగాడు, చెరువు చేశాకే మా చెల్లి పెళ్లి చేశాం. తప్పు ఒప్పులు పక్కన పెడితే ఈ కుర్రాడి నీళ్లు ఎలా చల్లబరచాలో చెప్పే దారి నా దగ్గరుంది, అది చెప్పనివ్వండి.

థర్మాకోల్ పెట్టె. చేపలు, రొయ్యలు ఐసు వేసి ప్యాక్ చేస్తారే, అది. భీమవరంలో, ఆకివీడులో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. ఐసు రెండ్రోజులు కరక్కుండా ఉండే పెట్టెలో నీళ్లు వేడెక్కుతాయా? ఆ ప్లాస్టిక్ డబ్బాలు తీసేసి ఇవి పెట్టు, లోపల మందపాటి పాలిథిన్ పరుచు, మూతకి నీ కన్నాలు కోసుకో.


నిర్వాహకుడు
ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:40

చెరువులా చేలా అన్న చర్చకి వేరే చోటుంది, అక్కడ 400 పోస్టులున్నాయి, ఇంకా తెగలేదు. ఇక్కడ టెంటు సంగతి చూద్దాం.


పాలకొల్లు_ప్రవాసి
ఏప్రిల్ 21, రాత్రి 9:15

థర్మాకోల్ పెట్టె ఐడియాకి దండం బావా, నేను వేలు పోసి చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొన్నాను.

గువ్వా, ఇప్పుడు చెయ్యాల్సింది వరసగా రాస్తున్నా. ఉన్న మొక్కల్లో వేళ్లు సగం పైగా గోధుమరంగైతే పీకి పారెయ్, జాలి పడకు, అది పిథియం అనే బూజులాంటిది, నీళ్లలో ఈదుకుంటూ పక్క మొక్కకి వెళ్తుంది. డబ్బాలు, గొట్టాలు బ్లీచింగ్ నీళ్లతో కడిగి బాగా ఆరబెట్టు. స్టోన్లు కొత్తవి వెయ్, 50 రూపాయల వస్తువుకి ఆశపడకు. కొన్ని మొక్కలు బతికేలా ఉంటే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ లీటరుకి ఒక 3 మిల్లీలీటర్లు వెయ్, ఒక రోజులో అది విడిపోయి నీళ్లూ గాలీ అయిపోతుంది. కానీ దాంతోపాటు మంచి సూక్ష్మజీవులు వేస్తే వాటినీ చంపుతుంది, రెండూ కలిపి వెయ్యకు.

లైట్లు రాత్రికి మార్చు. సాయంత్రం 6కి వెలిగి పొద్దున్న 8కి ఆరాలి. 14 గంటలు 14 గంటలే, మొక్కకి సూర్యుడితో పని లేదు. మధ్యాహ్నం గది 36 ఉన్నప్పుడు లైటు వేడి కూడా తోడవకుండా ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను ఎంత పెద్దదైనా టెంటుని గది వేడికి తెస్తుంది గానీ గది కంటే చల్లగా చెయ్యదు, ఇది చాలామందికి అర్థం కాదు.

నీటి మట్టం నెట్ పాట్ అడుగుకి రెండు అంగుళాలు కిందకి ఉంచు. ఆ ఖాళీలో గాలివేళ్లు వస్తాయి. మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోయినా ఆ వేళ్లే మొక్కని బతికిస్తాయి.


ఆక్వా_బావ
ఏప్రిల్ 21, రాత్రి 9:50

మంచి సూక్ష్మజీవులు అంటున్నారు కదా, మేం చెరువులో వేసే ప్రోబయోటిక్ ఉంది, బాసిల్లస్. ఒక చెంచా వేస్తే?


పాలకొల్లు_ప్రవాసి
ఏప్రిల్ 21, రాత్రి 10:05

పేరు ఒకటే బావా, బాసిల్లస్ సబ్‌టిలిస్ మొక్కలకీ అమ్ముతారు. కానీ చెరువు మందులో అది అడుగున మేత బురద తినడానికి చేసింది, కొన్నిట్లో పిండీ, చక్కెరా కలుపుతారు. 20 లీటర్ల డబ్బాలో ఆ పిండే కుళ్లుతుంది. మొక్కలకని రాసున్న పొడి తీసుకోమను.


గట్టుమీద_గువ్వ
ఏప్రిల్ 22, సాయంత్రం 7:30

15 మొక్కలు పీకేశాను. మూడు ఉంచాను. కొత్తిమీర వేళ్లు కాస్త తెల్లగానే ఉన్నాయి, కానీ అది అప్పుడే పూతకొచ్చేసింది, వేడికి.

ఒక డౌటు. నా ఏ, బీ ప్యాకెట్లు అయిపోతున్నాయి, ఖరీదు ఎక్కువ. ఎరువుల కొట్లో 19:19:19 కిలో ప్యాకెట్ ఇస్తామన్నారు, అది కలిపితే పోదా?


పాతకాపు
ఏప్రిల్ 22, రాత్రి 8:10

పోదు. నేను ఎరువుల కొట్టు 22 ఏళ్లు నడిపాను, అది చెప్పే హక్కు నాకుంది. ఆ అంకెలు నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు, 19:19:19లో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. నేలలో సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి మొక్కకి అందిస్తాయి. నీ డబ్బాలో ఆ జీవులు చాలినన్ని లేవు, యూరియా చాలావరకు యూరియాగానే ఉండిపోతుంది. పైగా అందులో కాల్షియం లేదు.

అదే కొట్లో విడివిడిగా అడుగు. కాల్షియం నైట్రేట్, 13:0:45, 0:52:34, మెగ్నీషియం సల్ఫేట్, చీలేటెడ్ సూక్ష్మపోషకాల పొడి. 20 లీటర్లకి కాల్షియం నైట్రేట్ 12 గ్రాములు, 13:0:45 ఆరు, 0:52:34 నాలుగు, మెగ్నీషియం సల్ఫేట్ ఆరు. సూక్ష్మపోషకాలు చిటికెడు, అంటే ఒక గ్రాము లోపే, ప్యాకెట్ మీద చూసుకో. మా మనవడు బెంగళూరులో గోడకి పైపులు బిగించి పెంచుతుంటే వాడికి నేనే కూర్చి పెట్టాను ఈ లెక్క. అవును, నవ్వుకోండి.

కాల్షియం నైట్రేట్ చిక్కటి ద్రావణం ఒక సీసాలో, మిగతావన్నీ ఇంకో సీసాలో. రెండూ చిక్కగా ఉండగా కలిపితే సల్ఫేటుతో కలిసి సుద్దలా పేరుకుపోతుంది, అడుగున తెల్లగా కనబడుతుంది, అది ఇంక మొక్కకి రాదు. ఏ, బీ అని రెండు ప్యాకెట్లు అమ్మేది అందుకే.


కోనసీమ_కోడలు
ఏప్రిల్ 22, రాత్రి 8:25

పెదనాన్నగారు గుడారంలోకి వచ్చేశారు 😄


ఓల్టేజీ_వరం
ఏప్రిల్ 23, ఉదయం 7:15

నీళ్లకి ఇంకో దారి. ఇంట్లో ఏసీ ఉంటే దాని గొట్టం కింద బకెట్ పెట్టండి. మన దగ్గర గాలిలో తేమకి రాత్రికి బకెట్ నిండుతుంది, అది ఆవిరి చల్లబడి వచ్చిన నీళ్లు కాబట్టి ఉప్పు ఉండదు. మా ఇంట్లో మీటరు 30 చూపించింది. కాకపోతే ఏసీ కాయిల్ మీద దుమ్మూ, జిగురూ ఉంటాయి, సర్వీసు చేయించాక పట్టండి, వడగట్టండి, సర్వీసులో మందు కొట్టి ఉంటే మొదటి రెండ్రోజుల నీళ్లు పారబొయ్యండి.


గట్టుమీద_గువ్వ
మే 6, రాత్రి 10:20

అప్‌డేట్. రెండు థర్మాకోల్ పెట్టెలు తెచ్చాను, కొట్టతను "చేపలేమైనా పంపుతున్నారా" అన్నాడు, లెట్యూస్ అన్నాక ఇంకేమీ అడగలేదు. ఏసీ నీళ్లూ, టిన్ను నీళ్లూ కలిపి 90. దాంట్లో పాతకాపుగారి లెక్క వేస్తే 800 వచ్చింది. పీహెచ్ 5.8 పెట్టాను, మూడో రోజుకి 6.1.

వేడి కథ చెప్తాను. మధ్యాహ్నం ఒంటిగంటకి లీటరు సీసాలో గడ్డకట్టిన నీళ్లు ఒకటి పెట్టెలో వేస్తున్నాను. 20 లీటర్ల నీళ్లు 29 నుంచి 24కి దిగాయి. పాత ప్లాస్టిక్ డబ్బాలో అయితే గంటన్నరలో మళ్లీ పైకి వచ్చేది, దీంట్లో సాయంత్రం 6కి 26. రాత్రి లైట్లు ఉన్నా 26 దాటట్లేదు. డ్రైవరు, పంపు రెండూ బయట. సీసా మూత గట్టిగా బిగించండి, మొదటిరోజు నాది కారి ద్రావణం పలుచనైంది.

మా అమ్మకి ఫ్రీజర్‌లో చోటు పోయిందని కోపం. మామిడికాయ ముక్కలు పెట్టుకునే అర నేను ఆక్రమించాను.

ఒకటే మిగిలింది. వేళ్లు తెల్లగా ఉన్నాయి, ఆకు పచ్చగా ఉంది, కానీ లోపలి చిన్న ఆకుల కొసలు మాత్రం గోధుమరంగు. కాల్షియం సరిపడా ఇస్తున్నాను కదా?


పాలకొల్లు_ప్రవాసి
మే 6, రాత్రి 11:00

నీళ్లలో ఉంది, ఆకు కొసకి చేరట్లేదు. కాల్షియం నీటితోపాటే పైకి వెళ్తుంది, ఆకు నీరు ఆవిరి చేస్తేనే కింది నుంచి లాగుతుంది. భీమవరం తేమలో, 85 శాతంలో, ఆకు చెమట పట్టదు. లోపల ముడుచుకున్న చిన్నాకులకి అసలు గాలే తగలదు. క్లిప్ ఫ్యాను ఒకటి చిన్నది, మొక్క నడినెత్తిన గాలి తగిలేలా పెట్టు, ఆకు కొంచెం వణకాలి, ఊగకూడదు. ఆకు మీద కాల్షియం స్ప్రే కొట్టమని ఎవరైనా అంటే వినకు, ఆ లోపలి ఆకుకి అది అందదు. లైటు కూడా ఒక గంట తగ్గించు, వేగంగా పెరిగే కొద్దీ ఈ గొడవ ఎక్కువ.


గోదారి_గాలి
మే 7, ఉదయం 9:00

ఇదంతా లెక్కేస్తే కిలో ఎంత పడుతుంది గురూ?


ఓల్టేజీ_వరం
మే 7, ఉదయం 9:40

కరెంటు నేను చెప్తా. 100 వాట్లు 14 గంటలు అంటే రోజుకి 1.4 యూనిట్లు, 35 రోజులకి 49. ఫ్యాన్లు కలిపి 20 వాట్లు రోజంతా అంటే 17 దగ్గర, గాలి పంపు 4. మొత్తం 70 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకున్నా 420. 18 మొక్కలు, మొక్కకి 130 గ్రాములు వస్తే రెండు కిలోల పైన. టెంటు, లైటు ఖరీదూ, ఫ్రీజర్ కరెంటూ, అమ్మ కోపం దీంట్లో వెయ్యలేదు.


గట్టుమీద_గువ్వ
జూన్ 3, సాయంత్రం 6:45

కోశాను. ఫ్యాను పెట్టాక కొత్తగా వచ్చిన ఆకుల్లో కొస మాడడం ఆగింది, పాతవి కత్తిరించి పారేశాను. 18లో 16 నిలిచాయి, కిలో 900 గ్రాములు. బావగారికి రెండు, పాతకాపుగారికి బస్సులో కండక్టరు చేత మూడు పంపాను. పక్కింటి ఆంటీకి ఒకటి, అదే ముందు ఇచ్చాను.

కొత్తిమీర మాత్రం ఓడిపోయాను, మళ్లీ పూతే. దాన్ని కార్తీకానికి వాయిదా వేశాను.


పాతకాపు
జూన్ 4, ఉదయం 11:20

అందింది. నీళ్లలో పెరిగిందంటే చప్పగా ఉంటుందనుకున్నాను, లేదు. మా ఆవిడ పెసరపప్పులో వేసింది, ఉడికాక ఏమీ మిగల్లేదు.


పాలకొల్లు_ప్రవాసి
జూన్ 4, ఉదయం 11:35

అయ్యో పచ్చిగా తినాలండీ అది!


ఆక్వా_బావ
జూన్ 4, మధ్యాహ్నం 12:10

మేం పచ్చిగానే తిన్నాం, ఉల్లిపాయ, నిమ్మకాయ పిండి. బాగుంది. ఒక్కటే అడుగుతా తమ్ముడూ, ఆ థర్మాకోల్ పెట్టె సబ్బుతో కడిగావా లేదా?


గట్టుమీద_గువ్వ
జూన్ 4, మధ్యాహ్నం 12:25

మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, పాలిథిన్ వేశాను బావగారూ. ఎందుకు?


ఆక్వా_బావ
జూన్ 4, మధ్యాహ్నం 12:31

ఏం లేదు. మా పిల్లి ఆ లెట్యూస్ వదలట్లేదు.